రామారావు గారి రెండో సీటు

1985 మార్చిలో జరిగిన శాసనసభ ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీకి 202 సీట్లు వచ్చాయి. ఈ అంకె పుస్తకాల్లో ఉంది, పోటీ పరీక్షల గైడ్లలో ఉంది, పాత కార్యకర్తల నోట్లో ఇప్పటికీ ఉంది. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ 202 సీట్లలో గెలిచినవాళ్లను వరసగా నిలబెట్టి తలలు లెక్కపెడితే 200 మందికి మించరు. మిగతా ఇద్దరూ ఎటు పోయారంటే, ఎటూ పోలేదు. వరస మొదట్లో నిలబడ్డ పెద్దాయనే ఆ ఇద్దరూను.

ప్రతి ఎన్నిక తర్వాతా ఎన్నికల కమిషన్ ఒక లెక్కల పుస్తకం వేస్తుంది. గెలిచినవారి జాబితా ఉంటుంది అందులో. నియోజకవర్గం, అభ్యర్థి పేరు, ఆడా మగా, పార్టీ. ఇచ్ఛాపురంతో మొదలుపెట్టి వేలు పెట్టి చదువుకుంటూ వస్తే, ఆ ఏడాది నందమూరి తారక రామారావు గారు కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర ఒకసారి కనిపిస్తారు. అనంతపురం జిల్లా హిందూపురం దగ్గర మళ్లీ కనిపిస్తారు. నల్లగొండ చేరేసరికి మూడోసారి. ‘దానవీరశూరకర్ణ’లో కర్ణుడూ దుర్యోధనుడూ కృష్ణుడూ తానే అయి, దర్శకత్వం కూడా చేసుకున్న మనిషికి మూడు పాత్రలు కొత్త కాదు. జాబితా తయారుచేసిన గుమాస్తాకు మాత్రం కొత్తే అయ్యుండాలి.

రామారావు గారి గురించి నటుడిగా రాసినవాళ్లు వేలమంది. ముఖ్యమంత్రిగా రాసినవాళ్లు వందలమంది. ఎమ్మెల్యేగా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రాజ్యాంగం లెక్కలో ఆయన ఒక శాసనసభ్యుడే, మిగతావన్నీ ఆ తర్వాత. ఆ లెక్క ఒకసారి తీద్దాం.

1983, 1985, 1989, 1994. నాలుగు సాధారణ ఎన్నికలు. ఒక్కదాంట్లో కూడా ఆయన ఒకే చోట నిలబడలేదు. మొదటిసారి గుడివాడ, తిరుపతి. రెండోసారి గుడివాడ, హిందూపురం, నల్లగొండ. మూడోసారి హిందూపురం, కల్వకుర్తి. నాలుగోసారి హిందూపురం, టెక్కలి. మొత్తం తొమ్మిది పోటీలు, ఆరు నియోజకవర్గాలు, ఎనిమిది గెలుపులు, ఒక ఓటమి. ఎనిమిది గెలిచినా సభలో కూర్చునే కుర్చీ ఒక్కటే కాబట్టి, నాలుగు ఉంచుకుని నాలుగు వదిలేశారు. అంటే ఆయన చేతి రాజీనామా పత్రాల వల్ల రాష్ట్రంలో నాలుగు ఉప ఎన్నికలు వచ్చాయి.

ఇదంతా చట్టం ఒప్పుకుంటుందా? అప్పట్లో బ్రహ్మాండంగా ఒప్పుకునేది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఒక అభ్యర్థి ఎన్ని చోట్ల నిలబడవచ్చో చెప్పే పరిమితి ఏదీ లేదు. ఓపిక ఉంటే 294 చోట్లా నామినేషన్ వేసుకోవచ్చు. శాసనసభ అభ్యర్థి కట్టాల్సిన ధరావతు 250 రూపాయలు. 1985లో మూడు చోట్లకూ కలిపి రామారావు గారి పెట్టుబడి 750 రూపాయలు. గెలిచినవారికి ధరావతు తిరిగి ఇస్తారు కనుక అదీ ఖర్చు కింద రాదు. ఉప ఎన్నిక ఖర్చు మాత్రం ప్రభుత్వ ఖజానాది. అంటే మీదీ నాదీ.

నిలబడటానికి హద్దు లేకపోయినా కూర్చోవడానికి ఉంది. అదే చట్టంలో 70వ సెక్షన్. ఒకే సభకు ఒకటి కంటే ఎక్కువ సీట్లలో ఎన్నికైన మనిషి, ఒకటి ఉంచుకుని మిగతావాటికి తన చేతి సంతకంతో స్పీకర్‌కు రాజీనామా ఇవ్వాలి. నిబంధనల ప్రకారం గడువు 14 రోజులు. ఆలోగా ఇవ్వకపోతే? మిగతా సీట్లు పోతాయని చాలామంది అనుకుంటారు. కాదు, అన్నీ పోతాయి. మూడు చోట్ల గెలిచి, ఏది ఉంచుకోవాలో తేల్చుకోలేక పదిహేనో రోజు దాకా నాన్చిన మనిషి ఒక్క చోట కూడా సభ్యుడు కాడు. మన చట్టాల్లో ఇంత కర్కశంగా, ఇంత తెలివిగా రాసిన వాక్యాలు తక్కువ.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. రెండో సీటు ఎందుకు?

రెండో సీటుకు రెండు రకాల కారణాలు ఉంటాయి. ఒకటి భయం. మొదటిది పోతే రెండోదైనా మిగులుతుందని పెట్టుకునే బీమా. 1984 లోక్‌సభ ఎన్నికల్లో పి.వి. నరసింహారావు గారు హనుమకొండతోపాటు మహారాష్ట్రలోని రాంటెక్‌లో కూడా నిలబడ్డారు. హనుమకొండలో బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు, రాంటెక్‌లో గెలిచారు. ఆ బీమా లేకపోతే ఆయన తర్వాతి కథ ఎలా సాగేదో చెప్పలేం. రెండో కారణం జెండా. ఈ ప్రాంతం కూడా నాదే అని చెప్పడానికి పాతే గుంజ. ఈ రెండింటినీ వేరు చేయడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. బీమా కావలసినవాడు రెండో సీటును గెలుపు ఖాయమైన చోట ఎంచుకుంటాడు, ఒకసారి దొరికాక మార్చడు. జెండా పాతేవాడు ప్రతిసారీ కొత్త చోటుకు పోతాడు.

రామారావు గారు 1983లో వేసిన రెండు నామినేషన్లలో రెండు కారణాలూ కలిసే ఉన్నాయని నా అనుమానం. 1982 మార్చి 29న పార్టీ పుట్టింది, 1983 జనవరి 5న పోలింగ్. మధ్యలో తొమ్మిది నెలలు. అయిదేళ్లలో కాంగ్రెస్ నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. జనానికి విసుగు పుట్టిందన్న సంగతి ఆయన ప్రచార వ్యాను చైతన్యరథం చుట్టూ చేరిన గుంపుల్లో కనిపిస్తూనే ఉంది. అయినా గుంపు వేరు, ఓటు వేరు. సినిమా హాలు ముందు లైను చూసి పెట్టె నిండుతుందని అనుకున్న నిర్మాతలు ఎంతమంది మునిగారో రామారావు గారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

గుడివాడ అర్థమయ్యేదే. ఆయన పుట్టిన నిమ్మకూరు ఆ పక్కనే. (ఈ సందర్భంలో ఒక సంగతి. 2022లో జిల్లాలను విడగొట్టి విజయవాడ కేంద్రంగా ఒకదానికి ఎన్టీఆర్ జిల్లా అని పేరు పెట్టారు. నిమ్మకూరు మాత్రం ఆ జిల్లాలో పడలేదు, కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది.) తిరుపతి సంగతి వేరు. అది అప్పటి శాసనసభ స్పీకర్ అగరాల ఈశ్వరరెడ్డి గారి సీటు. కానీ ఆయన వెంకటేశ్వరుడిగా నటించిన ‘శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం’ వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. కొండ మీద దర్శనం చేసుకుని, అటునుంచి మద్రాసు వెళ్లి రామారావు గారి ఇంటి ముందు నిలబడి ఇంకో దర్శనం చేసుకునే యాత్రికుల బస్సులు తెలుగువాళ్లలో ఎవరికి తెలియవు? కొండ కింద ఊళ్లో ఓటు అడగడానికి అంతకంటే మంచి పరిచయ పత్రం ఏం కావాలి. రెండు చోట్లా గెలిచారు. పార్టీకి రెండు వందల సీట్లు వచ్చాయి, కాంగ్రెస్ 60 దగ్గర ఆగిపోయింది.

1985 నాటికి బీమా అవసరం లేదు. మధ్యలో ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే చాలు. 1984లో గుండె ఆపరేషన్‌కు అమెరికా వెళ్లి వచ్చేసరికి సొంత పార్టీ సహచరుడు నాదెండ్ల భాస్కరరావు గారు వేరు కుంపటి పెట్టారు. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ప్రభుత్వాన్ని తీసేశారు. ఎమ్మెల్యేలను కర్ణాటకకు దాటించి నంది కొండ మీద కాపాడుకోవలసి వచ్చింది. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, రామారావు గారు మళ్లీ ముఖ్యమంత్రి. డిసెంబరులో దేశమంతా ఇందిరాగాంధీ హత్య తాలూకు సానుభూతిలో కొట్టుకుపోతుంటే ఇక్కడ మాత్రం తెలుగుదేశం 30 లోక్‌సభ సీట్లు గెలిచి పార్లమెంటులో పెద్ద ప్రతిపక్షమై కూర్చుంది. ఈ ఊపులో సభను రద్దు చేయించుకుని మార్చిలో ప్రజల ముందుకు వెళ్లిన మనిషి ఒక్క సీటులో నిలబడినా గెలిచేవాడే. మూడు ఎందుకంటే, రాష్ట్రంలో మూడు ప్రాంతాలు ఉన్నాయి కాబట్టి. కోస్తాకు గుడివాడ, రాయలసీమకు హిందూపురం, తెలంగాణకు నల్లగొండ. 1969 తెలంగాణ ఉద్యమమూ 1972 జై ఆంధ్ర ఉద్యమమూ ఇంకా జనం మరిచిపోని రోజులవి. తెలుగుజాతి ఆత్మగౌరవం అనే మాట మీద పార్టీ పెట్టిన నాయకుడు ఆ మాటను మూడు నామినేషన్ పత్రాలుగా మార్చి మూడు రిటర్నింగ్ ఆఫీసర్ల బల్లల మీద పెట్టాడన్నమాట. ఉపన్యాసం కంటే ఇది నయం. పైగా మూడు చోట్లా జనం ఒప్పుకున్నారు.

అయితే ఈ జెండాకు రెండో వైపు ఒకటుంది. నల్లగొండ ఓటరు వైపు నుంచి చూడండి. మార్చిలో ఎండలో లైనులో నిలబడతాడు. ఎడమచేతి చూపుడువేలికి సిరా పూయించుకుంటాడు. ఇచ్చిన బ్యాలెట్ కాగితం మీద సైకిల్ గుర్తు వెతికి, స్వస్తిక్ ముద్ర గుద్ది, సిరా పక్క గుర్తుకు అంటకుండా నిలువుగా మడిచి డబ్బాలో వేస్తాడు. మా ఎమ్మెల్యే ముఖ్యమంత్రి అని ఊరంతా చెప్పుకుంటాడు. కొద్ది రోజులకే ఆ ఎమ్మెల్యే గారు హిందూపురం ఉంచుకుంటున్నట్టు కబురు వస్తుంది. తర్వాత మళ్లీ లైను, మళ్లీ సిరా, మళ్లీ ముద్ర. ఈసారి కాగితం మీద ఉన్నది రామారావు గారి పేరు కాదు. మొదటి ఓటు దేనికి వేసినట్టు? నాకైతే దీనికి సరైన జవాబు దొరకలేదు. ‘రాష్ట్రంలో గాలి ఎటు ఉందో చెప్పడానికి’ అనేదొక్కటే కాస్త దగ్గరగా వస్తుంది. గుడివాడలోనూ అదే జరిగింది. అక్కడ ఉప ఎన్నికలో రావి శోభనాద్రి చౌదరి గారు గెలిచారు. సొంత ఊరి పక్క సీటును వదిలి బెంగళూరుకు దగ్గరగా, హైదరాబాదుకు దూరంగా ఉండే హిందూపురాన్ని పట్టుకోవడం అప్పట్లో కొంతమందికి వింతగా తోచింది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అదే ఆయన రాజకీయ జీవితంలో అన్నిటికంటే చల్లని బుర్రతో తీసుకున్న నిర్ణయమేమో అనిపిస్తుంది. అప్పటినుంచి చనిపోయేదాకా హిందూపురం ఆయన్ను ఒక్కసారి కూడా ఓడించలేదు.

ఇంకొక సంగతి చెప్పి ముందుకు పోదాం. ఆ 1985లోనే ఆయన శాసనమండలిని రద్దు చేయించారు. మండలి ఉంటే ప్రజల ముందుకు వెళ్లకుండానే ముఖ్యమంత్రి కావచ్చు. భవనం వెంకట్రామ్ గారు అలా ఎమ్మెల్సీగా ఉండే ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పెరటి తలుపును మూసేసిన మనిషి తాను మాత్రం ముందు వైపున మూడు తలుపులు పెట్టుకున్నాడు.

1989కి వద్దాం. ఈ కథలో నాకు ఆసక్తి ఉన్న ఏడాది ఇదే.

అప్పటికి రామారావు గారు నేషనల్ ఫ్రంట్ చైర్మన్. వి.పి. సింగ్ కన్వీనర్. దేశంలో రాజీవ్‌గాంధీని దించే పనిలో రామారావు గారు ముందు నిలబడ్డారు. ఇంట్లో మాత్రం పునాది కదులుతోంది. 1988 డిసెంబరులో విజయవాడలో కాంగ్రెస్ ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా హత్య, ఆ తర్వాత కోస్తాలో అల్లర్లు. 1989 ఫిబ్రవరిలో మంత్రులందర్నీ ఒక్క దెబ్బతో ఇంటికి పంపించారు. నవంబరులో లోక్‌సభకూ శాసనసభకూ కలిపి ఎన్నికలు. ఈసారి ఆయన నామినేషన్లలో కోస్తా లేదు. హిందూపురం ఉంది, రెండోది మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తి.

కల్వకుర్తి ఎందుకో ఆయన ఎక్కడా చెప్పగా నేను వినలేదు. కానీ ఆ సీటు ఎలాంటిదో తెలుసు. పాలమూరు కూలీలు దేశమంతా కట్టడాలకు, కాలవలకు వలసపోయే జిల్లా. ఒకప్పుడు ఎస్. జైపాల్‌రెడ్డి గారు వరసగా గెలిచిన నియోజకవర్గం. ఆయన అప్పటికి జనతాదళ్ నాయకుడు, అంటే మిత్రపక్షం మనిషి. కాగితం మీద చూస్తే జెండా పాతడానికి మంచి చోటే. పాతారు. కాంగ్రెస్ అభ్యర్థి జె. చిత్తరంజన్‌దాస్ పెరికేశారు.

ముఖ్యమంత్రి ఓడిపోయాడు అనే మాట ఎంత పెద్దదో ఇప్పుడు ఊహించడం కష్టం. ఆ రోజుల్లో రామారావు గారి మీద గెలవడమంటే సినిమాలో కూడా జరగని పని. జనం చాలా ఏళ్లు చిత్తరంజన్‌దాస్ గారిని ‘రామారావును ఓడించిన ఆయన’ అనే చెప్పుకున్నారు. ఒక రాజకీయ నాయకుడికి అంతకంటే పెద్ద బిరుదు దొరకదు, దాన్ని మించిన బరువు కూడా ఉండదు. ఎందుకంటే ఆ తర్వాత ఆయన ఏం చేసినా ఆ ఒక్కదాని కిందే రాస్తారు.

హిందూపురంలో రామారావు గారు గెలిచారు. రాష్ట్రంలో తెలుగుదేశం 74 దగ్గర ఆగింది, కాంగ్రెస్‌కు 181 వచ్చాయి. లోక్‌సభలో 42 సీట్లకుగాను తెలుగుదేశానికి దక్కినవి రెండు. ఢిల్లీలో మాత్రం నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వం ఏర్పడింది. ఊరందరి పెళ్లీ కుదిర్చి, సొంతింట్లో శుభకార్యం చెడగొట్టుకున్న పెద్దమనిషి పరిస్థితి.

ఈ లెక్కలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. హిందూపురం ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. 1985లోనూ గెలిపించింది, 1989లోనూ, 1994లోనూ. గాలి ఎటు తిరిగినా ఆ సీటు తిరగలేదు. రాష్ట్రం మనసులో ఏముందో చెప్పింది రెండో సీటే. 1983లో తిరుపతి గెలిచింది, అధికారం వచ్చింది. 1985లో నల్లగొండ గెలిచింది, అధికారం నిలిచింది. 1989లో కల్వకుర్తి పోయింది, అధికారమూ పోయింది. 1994లో టెక్కలి గెలిచింది, పార్టీకి 216 సీట్లు వచ్చాయి, మిత్రులైన కమ్యూనిస్టులకు ఇంకో 34, కాంగ్రెస్‌కు 26. జ్వరం చూడాలంటే థర్మామీటరును గోడకు ఆనించి పెట్టరు కదా, నాలుక కింద పెడతారు. మొదటి సీటు గోడ, రెండో సీటు నాలుక.

ఈ సూత్రం ఆయన ఒక్కడికేనా అని అడగవచ్చు. 2009లో చిరంజీవి గారు తిరుపతి, పాలకొల్లులో నిలబడ్డారు. ఒక పాత ఎంపిక, ఒక అత్తగారి ఊరు. తిరుపతి గెలిచింది. పాలకొల్లులో కాంగ్రెస్ అభ్యర్థి బంగారు ఉషారాణి గెలిచారు. ప్రజారాజ్యానికి 18 సీట్లు వచ్చాయి. అత్తవారి ఊళ్లో అల్లుడికి దక్కాల్సిన మర్యాద దక్కలేదని పశ్చిమ గోదావరి జిల్లాలో చాలాకాలం చెప్పుకున్నారు. 2019లో పవన్ కల్యాణ్ గారు గాజువాక, భీమవరం రెండూ ఓడిపోయారు. పార్టీకి దక్కింది రాజోలు ఒక్కటే. 2024లో ఆయన బుద్ధిగా పిఠాపురం ఒక్కదానికే పరిమితమై 70 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. పార్టీ పోటీ చేసిన 21 చోట్లా గెలిచింది. 2023లో తెలంగాణలో కేసీఆర్ గారిది అచ్చంగా 1989 కథే. గజ్వేల్ ఉంచింది. కామారెడ్డిలో బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి గెలిచారు. కేసీఆర్ రెండో స్థానం, రేవంత్‌రెడ్డి మూడో స్థానం. అంటే పదవిలో ఉన్న ముఖ్యమంత్రినీ కాబోయే ముఖ్యమంత్రినీ ఒకే ఊరివాళ్లు ఒకే రోజు ఓడించారు. రేవంత్‌రెడ్డి గారికి కొడంగల్ ఉంది కాబట్టి సరిపోయింది. ఆ ఎన్నికలోనే ఈటల రాజేందర్ గారు హుజూరాబాద్, గజ్వేల్ రెండూ పోగొట్టుకున్నారు. రెండు పడవల సామెతను ఇక్కడ వాడాలని చెయ్యి దురద పెడుతోంది గానీ, చాలాసార్లు రెండో పడవే మనిషిని ఒడ్డు చేర్చింది కాబట్టి వదిలేస్తున్నాను.

రామారావు గారి పద్ధతికి పూర్తిగా ఎదురు పద్ధతి వెతకాలంటే దూరం పోనక్కర్లేదు. ఆయన అల్లుడే ఉన్నారు. చంద్రబాబు నాయుడు గారు 1983లో కాంగ్రెస్ అభ్యర్థిగా సొంత ఊరు ఉన్న చంద్రగిరిలో ఓడిపోయారు, తెలుగుదేశం చేతిలోనే. తర్వాత మామగారి పార్టీలోకి వచ్చి, 1989లో కుప్పం వెళ్లారు. అంతే, మళ్లీ కదల్లేదు. 1989, 1994, 1999, 2004, 2009, 2014, 2019, 2024. ఒకే నియోజకవర్గంలో ఎనిమిది గెలుపులు. మామగారివి అయిదు నియోజకవర్గాల్లో ఎనిమిది గెలుపులు. అంకె ఒకటే. ఒకాయన రాష్ట్రమంతా తిరిగి సంపాదించాడు, ఇంకొకాయన ఒక మూల కూర్చుని సంపాదించాడు. ఇద్దరూ నమ్ముకున్న సీట్లు రాష్ట్రం సరిహద్దులో ఉండటం, ఇద్దరికీ పుట్టిన ఊరు ఉన్న చోటు అచ్చి రాకపోవడం లేదా అక్కర్లేకపోవడం యాదృచ్ఛికమే కావచ్చు. మామగారికి నియోజకవర్గం అంటే వేదిక, అల్లుడు గారికి పొలం. వేదిక మీదికి ఎప్పుడైనా ఎక్కవచ్చు, పొలానికి ఏటా నీరు పెట్టాలి. 2004లో, 2019లో పార్టీ కుప్పకూలినా కుప్పం నిలబడిందంటే ఆ నీళ్ల వల్లే.

ఇక చట్టం. 1996లో పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, ఒక మనిషి ఒక రాష్ట్ర శాసనసభకు రెండు సీట్లకు మించి, లోక్‌సభకు రెండుకు మించి పోటీ చేయకూడదని గీత గీసింది. అంటే 1985 నాటి మూడు ప్రాంతాల విన్యాసం ఇప్పుడు ఎవరికీ కుదరదు. ధరావతూ పెంచారు. ఇప్పుడు శాసనసభకు పదివేలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. రెండు సీట్లు కూడా ఎందుకని 2004లో ఎన్నికల కమిషన్ అడిగింది. కుదరకపోతే కనీసం ఉప ఎన్నిక తెచ్చిపెట్టిన అభ్యర్థి దగ్గర శాసనసభకు అయిదు లక్షలు, లోక్‌సభకు పది లక్షలు రాబట్టండి అంది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో ఒక మనిషికి ఒక సీటే చాలంది. 2023లో సుప్రీంకోర్టు, ఇది పార్లమెంటు తేల్చుకోవలసిన సంగతి అని పిటిషన్‌ను కొట్టేసింది. పార్లమెంటు ఇంతవరకూ తేల్చుకోలేదు. రెండు సీట్ల అవసరం ఎప్పుడు ఎవరికి పడుతుందో చెప్పలేం కదా. ఆ తలుపు మూయమని ఓటు వేయాల్సినవాళ్లే రేపు ఆ తలుపు వెతుక్కోవలసి రావచ్చు.

నా మటుకు నాకు, కమిషన్ చెప్పిన అయిదు లక్షల మాటే సబబుగా తోస్తుంది. జెండా పాతే హక్కు ఉండాలి. గుంజ ఖర్చు మాత్రం పాతినవాడే పెట్టుకోవాలి.

చివరికి 1994. కిలో రెండు రూపాయల బియ్యం, మద్యనిషేధం అని చెప్పి రామారావు గారు తిరిగి వచ్చారు. హిందూపురం గెలిచారు, శ్రీకాకుళం జిల్లా టెక్కలి గెలిచారు. అలవాటు ప్రకారం హిందూపురం ఉంచుకున్నారు. నాలుగో రాజీనామా అది. రాష్ట్రం ఈ చివర ఒక సీటు, ఆ చివర ఒక సీటు. ఆ రెండు చుక్కలనూ కలుపుతూ గీత గీస్తే ఉమ్మడి రాష్ట్రం పొడుగంతా వస్తుంది. అంత పొడుగు మనిషి సభలో లేచి నిలబడితే ఆయన ఓటు విలువ ఎంత? ఒకటి. అది ఆయనకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. 1995 ఆగస్టులో హైదరాబాద్ టాంక్‌బండ్ పక్కన వైస్రాయ్ హోటల్‌లో అల్లుడి వైపు తిరిగిన ఎమ్మెల్యేలు చేరారు. అందులో చాలామందికి టికెట్లు ఇచ్చింది ఆయనే. 1984లో నంది కొండ మీద ఆయన కోసం దాక్కున్నది ఎమ్మెల్యేలే, 1995లో ఆయనకు అందకుండా హోటల్ తలుపులు వేసుకున్నదీ ఎమ్మెల్యేలే. చైతన్యరథం ఎక్కి ఆ హోటల్ ముందుకు వెళితే చెప్పులు పడ్డాయి. సంతకాల లెక్క జరిగింది. టెక్కలి గెలుపు ఆ లెక్కలోకి రాలేదు, నల్లగొండా తిరుపతీ అసలే రావు. సెప్టెంబరు 1న చంద్రబాబు గారు ప్రమాణ స్వీకారం చేశారు. రామారావు గారు హిందూపురం ఎమ్మెల్యేగా మిగిలారు.

అలా మిగిలింది నాలుగున్నర నెలలు. 1996 జనవరి 18న ఆయన పోయారు. హిందూపురానికి ఉప ఎన్నిక వచ్చింది, ఒకప్పుడు చైతన్యరథం నడిపిన కొడుకు హరికృష్ణ గారు అల్లుడి వైపు తెలుగుదేశం టికెట్ మీద నిలబడి గెలిచారు. రామారావు గారి పేరుతో ఖాళీ అయిన సీట్లు అప్పటికి అయిదు. మొదటి నాలుగింటికీ స్పీకర్ కార్యాలయంలో ఆయన సంతకంతో కాగితాలు ఉండాలి. అయిదోదానికి కాగితం లేదు.